కేతమ్మ తడిక

అనగా అనగా, ఏటికి వంతెన లేనప్పుడు, కొండకి బాట లేనప్పుడు, పిల్లల మాటకి చెవి లేనప్పుడు జరిగిన సంగతి ఇది.

వెదుళ్ళవలస అని ఒక ఊరు. ఊరి చివర కేతమ్మ అనే మేదరి మనిషి ఉండేది. చేటలు అల్లేది, గంపలు అల్లేది, తడికలు కట్టేది. మొగుడు పోయాడు. పిల్లలు కలగలేదు. ఊరందరి ధాన్యం ఆమె గంపల్లోనే ఉండేది. ఊరి పంచాయితీలో మాత్రం ఆమె మాట ఉండేది కాదు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. మూడు గుమ్మాల మాట అనేవారు. ఎవరికి ఏ అన్యాయం జరిగినా ఒకరోజు పెద్దనాయుడి గుమ్మంలో చెప్పాలి. మర్నాడు కరణంగారి గుమ్మంలో చెప్పాలి. ఆ మర్నాడు పూజారిగారి గుమ్మంలో చెప్పాలి. మూడు చోట్లా మాట ఒక్కటే అయితే నిజం. ఎక్కడ తేడా వచ్చినా అబద్ధం. ఎద్దు పోయినవాడికి, పొలం గట్టు జరిగినవాడికి ఈ కట్టుబాటు బాగానే పనిచేసింది. ఎద్దు పోయినవాడు ఎన్ని గుమ్మాలెక్కినా ఎద్దు పోయిందనే చెబుతాడు కదా.

నూకాలుకి మాత్రం పనిచెయ్యలేదు.

నూకాలు, జోగులు కూతురు. జోగులు పెద్దనాయుడి బండి తోలేవాడు. మంచి గొంతు. చిరతల భజనలో అతను పాటెత్తుకుంటే ముసలమ్మలు కళ్ళొత్తుకునేవారు. "మనిషంటే జోగులు" అనేవారు. ఆ మనిషే ఇంటికెళ్ళి తలుపేసుకుంటే వేరే మనిషి. అట్లకాడ కాల్చి కూతురి వీపు మీద పెట్టేవాడు.

ఏట్లో నూకాలు స్నానం చేస్తుంటే పొరుగామె ఆ వీపు చూసింది. చెయ్యి పట్టుకుని నాయుడి గుమ్మానికి తీసుకెళ్ళింది.

మొదటి గుమ్మంలో నూకాలు అంతా చెప్పింది. "అయ్య కాల్చినాడు."

రెండో గుమ్మంలో సగం చెప్పింది. "పొయ్యి మీద పడ్డాను. అయ్య తోసినట్టున్నాడు."

మూడో గుమ్మంలో కాలి వేళ్ళు చూసుకుంటూ నిలబడింది.

తల్లి దాలమ్మని పిలిచారు. దాలమ్మ ఒక చెయ్యి కొంగులో దాచుకుని వచ్చింది. "పొయ్యి మీద పడిపోనాది బాబూ" అంది. పెద్దలు తీర్పు చెప్పేశారు. మాట మారింది కాబట్టి అబద్ధం. జోగులు నవ్వాడు. "చిన్నగుంట బాబూ, పోనివ్వండి" అని కూతురి చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళాడు. "ఎంత ఓర్పో!" అంది ఊరు.

కేతమ్మ తన పాక ముందు కూర్చుని ఆ ఇద్దర్నీ చూసింది. పిల్లలు తండ్రి చెయ్యి పట్టుకుంటే వేళ్ళు చుట్టుకుంటాయి. నూకాలు వేళ్ళు పుల్లల్లా నిటారుగా ఉన్నాయి.

కొన్నాళ్ళకి కేతమ్మ కొత్తగా అల్లిన ధాన్యం గంప మూత తీసింది. లోపల నూకాలు ముడుచుకుని కూర్చుంది.

"ఏటే గుంటా, ధాన్యం కొలిచినట్టు నిన్నూ కొలవమంటావేటి?"

నూకాలు నవ్వలేదు. ఇంటికెళ్ళనూ లేదు. పొద్దు వాలేలోగా జోగులు వచ్చాడు.

"పెద్దమ్మా, మా గుంట ఇటొచ్చిందా?"

కేతమ్మ తలెత్తలేదు. వెదురుబద్ద గీరుతూనే ఉంది. "నాయుడిగారమ్మాయి పెళ్ళిబుట్ట అల్లుతున్నాను నాయనా. సన్నటి అల్లిక. చిన్నచేతులు కావాలని నానే పిలిచాను. పెళ్ళిపని, పైగా నాయుడిగారి పని. వద్దంటే నువ్వే ఎళ్ళి ఆయనతో చెప్పుకో."

నాయుడి బండి తోలేవాడు నాయుడి పెళ్ళికి అడ్డం చెప్పగలడా?

"బుట్ట ఇచ్చీసిన రోజు గుంటని పంపించీ" అని వెళ్ళిపోయాడు.

అంటే బుట్ట అల్లినన్నాళ్ళే నూకాలుకి నీడ. బుట్ట గడప దాటితే నూకాలు కూడా దాటాలి.

ఇక్కడ కేతమ్మ కూడా తప్పు చేసింది. పొద్దున్న అడిగింది, "ఏటయిందే?" అని. మధ్యాహ్నం గంజి పోస్తూ అడిగింది, "నిజం చెప్పవే" అని. సాయంత్రం తల దువ్వుతూ అడిగింది, "నాకు చెబితే ఏటవుద్దే?" అని. మూడుసార్లూ నూకాలు ఒకటే అంది, "పొయ్యి మీద పడ్డాను." అంటున్నకొద్దీ పిల్ల గొంతు సన్నబడిపోయింది.

ఆ మర్నాడు పని చేస్తుంటే కేతమ్మ చేతిలో బద్ద టప్పున విరిగింది. ఒకసారి వంచిన చోటే మళ్ళీ వంచింది. వెదురుబద్ద ఒకసారి వంగుతుంది. అక్కడే మళ్ళీ వంచితే విరుగుతుంది. మేదరి ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ మాట ఒకరు చెప్పక్కర్లేదు. కేతమ్మ విరిగిన బద్ద వంక చూసింది. పిల్ల వంక చూసింది.

"ఛీ, నాను నాలుగో గుమ్మాన్నయిపోనాను" అనుకుంది.

ఆరోజు నుంచి అడగడం మానేసింది. బద్దలు అందించేది, అల్లిక చూపించేది, ఊళ్ళోవాళ్ళ నడకలు అనుకరించి నవ్వించేది. కరణంగారి నడకకి నూకాలు మొదటిసారి పకపకా నవ్వింది.

బుట్ట నడుం దాకా వచ్చినరోజు నూకాలే నోరు విప్పింది. "పెద్దమ్మా, ఆ గుమ్మాలెక్కిన్నాళ్ళు మా ఇంట్లో ఏటయిందంటే..."

కేతమ్మ ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు తల్లీ. ఇప్పుడు నాకు చెబితే ఆళ్ళకి మళ్ళీ చెప్పాల. ఒక్కసారే చెబుదువు. దాచుకో. వినాల్సినోళ్ళని నానే తెస్తాను."

"నన్ను చూస్తారా?"

"చూడకుండా తడిక కడతాను."

"మధ్యలో అడుగుతారా?"

"అడగనివ్వను."

"మళ్ళీ చెప్పమంటారా?"

"చెప్పమనరు."

ఇద్దరూ కలిసి తడిక కట్టారు. నూకాలు కంటికి కంత కనిపించిన చోటల్లా ఇంకో బద్ద దూర్చారు.

పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొస్తాడు. ఆ బుట్టని ఊరి పెద్దలు ముగ్గురూ పసుపు కుంకాలతో మేదరి ఇంటికెళ్ళి అడిగి తెచ్చుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. ముగ్గురూ వచ్చారు. బయట బండి మీద జోగులు కూనిరాగం తీస్తున్నాడు.

"ఒలే కేతీ, బుట్టేదే? ముహూర్తం దగ్గర పడతంది" అన్నాడు నాయుడు.

"బుట్ట సిద్ధం బాబూ. ముందు ఆ తడిక ఎనకాల కూకోండి. చూడకండి. అడగకండి. మళ్ళీ చెప్పమనకండి. ఇన్నాక బుట్ట పట్టుకెళ్ళండి."

"ఏం వినాలి?"

"నూకాలు మాట."

కరణంగారికి చిర్రెత్తుకొచ్చింది. "అది ముగిసిన తగువే! మూడు గుమ్మాల కట్టుబాటు నీకోసం మారుస్తామా?"

"మార్చక్కర్నేదు బాబూ. మూడు గుమ్మాలూ ఇయ్యాల ఇక్కడికే నడిచొచ్చినాయి కదా."

పూజారిగారికి నవ్వొచ్చింది. నాయుడికి రాలేదు. కానీ కూతురి బుట్ట దగ్గర గొడవ శుభం కాదని ముందుగా ఆయనే చాప మీద కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ కూర్చోక తప్పలేదు.

తడికకి ఇవతల కేతమ్మ నూకాలు చేతికి ఒక బద్ద, గీరే కత్తి ఇచ్చింది. నూకాలు గీరడం మొదలుపెట్టింది. గీరుతూ గీరుతూ అంది.

"అయ్య అట్లకాడతో కాల్చినాడు."

తడిక వెనక కరణంగారు దగ్గారు. నూకాలు ఆగిపోయింది. కేతమ్మ ఇంకో బద్ద అందించింది. కరణంగారు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నారు. కాసేపటికి బద్ద మీద మళ్ళీ కత్తి కదిలింది.

"నాయుడుబాబు గుమ్మంలో అంతా చెప్పినాను. ఆ రాత్రి అయ్య నన్నేటీ అన్లేదు. అమ్మ చెయ్యి విరిసీసినాడు. కరణంబాబు గుమ్మంలో సగమే చెప్పినాను. ఆ రాత్రి అమ్మని తక్కువ కొట్టినాడు. పూజారిబాబు గుమ్మంలో ఏటీ చెప్పనేదు. ఆ రాత్రి అమ్మని అన్నం తిననిచ్చినాడు."

అంతే చెప్పింది. ఇంకేమీ లేదన్నట్టు గీరిన బద్దని పక్కన పెట్టింది.

తడిక వెనక నుంచి ఎవరూ అడగలేదు. మళ్ళీ చెప్పమనలేదు. నాయుడి గొంతు నెమ్మదిగా వినబడింది. "గుమ్మానికీ గుమ్మానికీ మధ్య ఒక రాత్రి ఉంటాదని మనకి తట్టనేదయ్యా."

ఆయన లేచి బయటికెళ్ళాడు.

"బుట్ట ఎత్తమంటారా బాబూ?" అన్నాడు జోగులు.

"బండి దిగు. పగ్గాలిటియ్యి."

నాయుడు తనే బండి తోలుకెళ్ళి దాలమ్మని తెచ్చాడు. ఆమె చేతికి కట్టు కట్టించారు. అదే పొద్దు జోగుల్ని ఏరు దాటించి, అవతలి ఊళ్ళకి కబురంపారు, వీడి పాట వినండి కానీ వీడికి పిల్లనివ్వకండి అని. ఇల్లు దాలమ్మ పేర నిలిచింది. పెళ్ళికి ముహూర్తం తప్పింది. నాయుడు ఇంకో ముహూర్తం పెట్టించాడు.

దాంతో అంతా చక్కబడిపోలేదు. "మొగుణ్ణి వెళ్ళగొట్టించింది" అని దాలమ్మని సూటిపోటి మాటలన్నారు. దాలమ్మే ఒక్కోసారి, "ఆడుంటే ఇంట్లో పాటైనా ఉండేది" అని ఏడ్చేది. కేతమ్మ కాదనేది కాదు. పక్కన కూర్చుని గింజలు చెరిగేది. ఏడుపయ్యాక లేచి ఇంటికెళ్ళేది. మళ్ళీ మర్నాడు వచ్చేది.

తర్వాత పక్క ఊళ్ళ నుంచీ రావడం మొదలుపెట్టారు. వీపు దాచుకున్న పిల్లలు, చెయ్యి దాచుకున్న తల్లులు, చెప్పాలో వద్దో తెలియని అమ్మమ్మలు. కేతమ్మ ఎవర్నీ ఏమైందని అడగలేదు. తడిక చంకన పెట్టుకుని వాళ్ళ వెంట వాళ్ళ ఊరికి నడిచేది. పెద్దల్ని కూర్చోబెట్టేది. "ఒక్కసారి, ఒక్కచోట, పక్కన ఒకరు" అనేది. నూకాలు పెద్దయ్యాక కేతమ్మ వెంట నడిచింది. నూకాలు వెంట ఇంకొందరు నడిచారు. మేదరి ఆడవాళ్ళే కాదు, చాకలివాళ్ళు, నాయుళ్ళ ఇంటి కోడళ్ళు కూడా తడిక కట్టడం నేర్చుకున్నారు.

ఒక వానాకాలం కేతమ్మ జ్వరంతో పోయింది. పాడెకి వెదురు కావాలని అడవికి వెళ్ళబోయారు. అక్కర్లేకపోయింది. ఏ ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఆ ఊరి బద్ద ఒకటి పట్టుకొచ్చారు. ఆ బద్దలన్నీ కలిపి అల్లిన తడిక మీదే ఆమెను మోసుకెళ్ళారు. నూకాలు ముందు పట్టింది. ఆడదానివి నువ్వేంటని ఎవరూ అడగలేదు.

ఇప్పటికీ ఆ ప్రాంతంలో పెళ్ళిబుట్ట కోసం పెద్దలు మేదరి ఇంటికి వెళితే, బుట్ట వెంటనే చేతికివ్వరు. తడిక వెనక చాప వేస్తారు. ఎంత గొప్పవాళ్ళైనా దాని మీద చతికిలబడాలి. ఇవతల నుంచి ఇంటావిడ అడుగుతుంది:

"బుట్టకొచ్చారా, వినడానికొచ్చారా?"

"ముందు వినడానికే" అనాలి.

అని ఊరుకుంటారు. చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అని, తమలపాకు నమిలినంతసేపు, ఎవరూ దగ్గకుండా కూర్చుంటారు. చాలా పెళ్ళిళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరూ రారు. బుట్ట తీసుకుని వెళ్ళిపోతారు.

కొన్ని పెళ్ళిళ్ళకి మాత్రం ముహూర్తం తప్పుతుంది. ఆ ఊళ్ళలో దాన్ని అపశకునం అనుకోరు.