జింకలు వదిలేసిన పూలు

అనగనగా మబ్బులు పలకరించకుండానే వెళ్ళిపోయే ఒక ఊళ్ళో సుంకులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కడే కొడుకు. వాడికి ఏటి ఒడ్డు ఊరి నుంచి వరాలు అనే పిల్లను చేసుకొచ్చారు. పుట్టింట్లో వరాలు ఏనాడూ పువ్వు పెట్టుకోకుండా గడప దాటలేదు. ఇక్కడేమో వాకిట్లో ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. మా అన్న వస్తే వెళ్ళిపోతాను, మళ్ళీ రాను అని వరాలు పక్కింటామెతో అంది. ఆ మాట సుంకులమ్మ చెవిన పడింది.

కోడలంటే ప్రాణం కదమ్మా ఆవిడకి, ఎలాగైనా వాకిట్లోనే పూలు పూయించాలనుకుంది.

మొదట గులాబీ నాటింది. అది ఎండకి మాడిపోయింది. అప్పుడు మందారం నాటి, స్నానాల నీళ్ళు దానికి మళ్ళించింది. అది చక్కగా మొగ్గ తొడిగింది. తెల్లారేసరికి జింకలొచ్చి మొగ్గలతో సహా మేసిపోయాయి. ఆ తర్వాత చామంతి నాటి చుట్టూ ముళ్ళకంప వేసింది. జింకలకి కంపొక లెక్కా? ఒక్క గెంతు గెంతి దాన్నీ ఊడ్చేశాయి.

కొడుకు కర్ర తీశాడు. సుంకులమ్మ వద్దంది. ఆకలేసి వచ్చిన వాటిని కొట్టడమెందుకు, ఏం నాటాలో వాటినే అడుగుదాం అంది.

ఎండలు ముదిరాక ఊరంతా తిరిగింది. ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసిన మొక్కలు వెతికి, తలా ఒక కొమ్మ తెచ్చి, జింకల దారిలో పరిచింది. పొద్దున చూస్తే చాలా కొమ్మలు మాయం. గన్నేరు, బంతి, ముళ్ళగోరింట మాత్రం జింకలు వాసన చూసి వదిలేశాయి. గన్నేరు నోట్లో పెట్టకూడదని జింకకి కూడా తెలుసు బుజ్జితల్లీ, నువ్వే చూసిందల్లా నోట్లో పెడతావు.

అప్పుడు ఆ మూడే వాకిట్లో నాటింది. వానలు సరిగ్గా పడకపోయినా అవి విరగబూశాయి. వరాలు రోజూ ఒక బంతిపువ్వు జడలో పెట్టుకుంది. అయినా అన్న వస్తే వెళ్ళిపోతుందేమోనని సుంకులమ్మ భయం సుంకులమ్మకి అలాగే ఉంది.

ఆ తర్వాత ఒకరోజు అన్న బండి కట్టుకుని వచ్చాడు. ఏటి ఒడ్డు పూలు బుట్టెడు తెచ్చాడు. వరాలు బుట్ట అందుకుని, తిన్నగా జింకల దారికి వెళ్ళి కుమ్మరించేసింది. అన్న బిత్తరపోయాడు.

"ఇవి వాటికి ఇష్టం అన్నా. నాకు మా అత్త పెంచిన పూలుండాయి. అమ్మతో చెప్పు, పండక్కి వచ్చి నాలుగు దినాలుండి పోతా," అంది వరాలు.

సుంకులమ్మ తలుపు చాటున నిలబడి కళ్ళు తుడుచుకుంది.

మేత జింకకి, బంతి జడకి,
బండి ఊరికి, కథ కంచికి,
బుజ్జితల్లి ఇక నిద్దరకి.