వదిన కుట్టిన చాకు తిత్తి

అనగనగనగా, వాగులకు వంతెనలు లేని కాలం. ఊ కొట్టేవాళ్లు దగ్గరికి రండి, నిద్రొచ్చేవాళ్లు పక్కకు జరగండి. ఆ కాలంలో గొర్రెల కాపరుల పల్లె ఒకటుండేది. ఆ పల్లెలో తిప్పమ్మ అని ఒకామె. పొలం లేదు, పుట్ర లేదు. ఉన్ని వడకడం, చినిగిన గొంగళ్లు కుట్టడం, అదే ఆమె బతుకు.

తిప్పమ్మ మొగుడు ఎర్రప్ప మంచి కాపరి. కాపరి అన్నాక మడత చాకు ఉండాలి. కాల్లో ముల్లు తీయాలన్నా, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు బొడ్డు కోయాలన్నా, చిక్కుపడ్డ తాడు తెంచాలన్నా అదే దిక్కు. ఆ చాకును ఎర్రప్ప తలపాగాలో దోపుకునేవాడు. పల్లెలో మగవాళ్లందరిదీ అదే అలవాటు.

ఒకరోజు కొండల మీద వాన పడి వాగు పొంగింది. మందలో ఒక దుడుకు మేకపోతు ఉండేది. చేలమీద పడకుండా దాని మెడకు గుదిబండ, అంటే తాడుతో బరువైన కొయ్య, కట్టారు. మంద వాగు దాటుతుంటే ఆ కొయ్య మధ్యన రాళ్లలో ఇరుక్కుంది. ఎర్రప్ప చెప్పులు విడిచాడు, గొంగడి విడిచాడు, తలపాగా తీసి గట్టున పెట్టాడు. నీళ్లలో దిగేవాడు తలపాగా తడుపుకుంటాడా? పోయి మేకపోతును పట్టుకున్నాడు. గుదిబండ తాడు తిరిగి తిరిగి అతని కాలికే చుట్టుకుంది. చాకు కోసం చెయ్యి తలమీదికి పోయింది. తలమీద ఏముంది? చాకు గట్టున ఉంది, మనిషి నీళ్లలో ఉన్నాడు.

అవతలి గట్టునుంచి తమ్ముడు పుల్లప్ప ఉరికొచ్చేలోపు అంతా అయిపోయింది.

తలపాగాను ఇంటికి తెచ్చి తిప్పమ్మ చేతికిచ్చారు. విప్పి చూస్తే చాకు పొడిగా ఉంది. ఆ పొడి చాకును చూసి ఆమె ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. ఏడవదా మరి, పాపం.

ఇక మంద పుల్లప్ప మీద పడింది. పొద్దున్నే బయలుదేరుతుంటే తిప్పమ్మ అడిగింది.

"చాకుండాదా పుల్లప్పా?"

"గూట్లో పెట్టినా వదినా. మొలలో దోపుకోని కూసుంటే పొడుస్తాది, వంగితే జారతాది, ఉరికితే పోతాది. దాంతో యాడ పడేది?"

"గూట్లో ఉండే చాకు వాగులో తాడు కోస్తాదా? మీయన్న పోయినట్ల నువ్వూ పోతే నేను తట్టుకోలేనప్పా."

పుల్లప్ప గూట్లో చాకు తీసి వదిన చేతిలో పెట్టాడు.

ఆ రోజే తిప్పమ్మ సూది పట్టింది. మొదట గొంగడి మూలన చిన్న సంచి కుట్టింది. వానొచ్చింది, పుల్లప్ప గొంగడి ముసుగేసుకున్నాడు. మూల కాస్తా నెత్తిమీదికొచ్చింది, చాకు తగిలి నుదురు బొప్పి కట్టింది. "నన్ను సంపేకి వాగేమిటికి వదినా, నువ్వు సాలు" అన్నాడు. తిప్పమ్మ నవ్వలేదు. వాగు దగ్గర గొంగడి కూడా విడుస్తారు కదా, నాకే బుద్ధి లేదు అనుకుంది.

రెండోసారి మెడలో వేలాడదీసింది. వంగి నీళ్లు తాగబోతే చాకొచ్చి పళ్లకు కొట్టుకుంది.

మూడోసారి మొలతాడుకు కట్టింది. మొలతాడును బతికున్న మగవాడు విప్పడు. ఆలోచన మంచిదే, కట్టింది మాత్రం ముందువైపు. గొంతుకూర్చుని సంగటి తినబోతే కడుపులో పొడిచింది. "ముద్ద దిగల్లేదొదినా" అన్నాడు పుల్లప్ప.

మొగుణ్ణి వాగు తీసుకుపోయింది, బుద్ధిని చాకు తీసుకుపోయింది అన్నారు పల్లెలో. అననీ. లోకం నోటికి మూత ఉందా?

ఒక సాయంత్రం పుల్లప్ప మందను చూస్తూ నిలబడ్డాడు. ఒక చెయ్యి కర్రమీద. రెండో చెయ్యి నడుము వెనక, తుంటి పైనున్న పల్లంలో. ఎర్రప్ప కూడా అట్లాగే నిలబడేవాడు. తిప్పమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. చెయ్యి తనంతట తాను పోయే చోటనే చాకు ఉండాలి అనుకుంది.

నల్ల ఉన్నితో సన్నని తిత్తి అల్లింది. మొలతాడుకు వెనకపక్కన, సరిగ్గా ఆ పల్లంలో వేలాడదీసింది. చాకును మడిచి నిలువుగా అందులో దించింది. పిడికి మూరెడు ఉన్నితాడు కట్టి, రెండో కొసను మొలతాడుకే ముడేసింది. కూర్చోమంది, పొడవలేదు. వంగమంది, జారలేదు. ఉరకమంది, పోలేదు.

"చాకుండాదా?"

"ఉండేదే తెలీల్లేదొదినా."

మళ్లీ వానలొచ్చాయి. మళ్లీ వాగొచ్చింది. ఆ దుడుకు మేకపోతుకు పుట్టింది తండ్రిని మించింది, దాని మెడకూ గుదిబండే. వాగులో అదీ ఇరుక్కుంది. పుల్లప్ప చెప్పులు విడిచాడు, గొంగడి విడిచాడు, తలపాగా విడిచాడు. తాడొచ్చి కాలికి చుట్టుకుంది. చెయ్యి వెనక్కి పోయింది. చాకు అక్కడే ఉంది.

పుల్లప్ప తడిబట్టలతో ఇంటికొచ్చాడు. తిప్పమ్మ గడపలో నిలబడి ఉంది.

"చాకుండాదా?"

"ఉండాదొదినా."

"నువ్వుండావు, అది సాలు" అని అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

అంతే, పిచ్చిదన్న నోళ్లే తిత్తి కుట్టిమ్మని వచ్చాయి. అందరికీ కుట్టింది. పొద్దున్నే ఊరి చివర నిలబడి పోయే ప్రతి కాపరినీ అదే మాట అడిగేది. వాళ్లూ అదే బదులిచ్చేవాళ్లు. ఆమెకంటే పెద్దవాళ్లకూ వదినే, మనవళ్ల వయసువాళ్లకూ వదినే. వరస ఎవడు చూశాడు?

ముసలిదై మంచాన పడ్డాక కూడా అడగడం మానలేదు. చివరి రోజున మాట రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి. పుల్లప్ప ఆమె చేతిని తీసుకుని తన నడుము వెనక పెట్టుకున్నాడు. తిత్తిని తడిమి చూసి కళ్లు మూసుకుంది. వాగు గట్టునే మట్టి చేశారు.

ఇప్పటికీ ఆ పక్క కాపరులు నీళ్లలో కాలు పెట్టేముందు ఒక చెయ్యి వెనక్కి పోనిచ్చి, "ఉండాదొదినా" అని దిగుతారు. ఇప్పుడు ఆ వాగుకు వంతెన కూడా వేశారు. ఎప్పుడైనా ఆ దారిన బస్సులో పోతే చూడండి. వంతెన రాగానే ఏ ముసలి కాపరో కూర్చున్న చోటనే కొంచెం ముందుకు జరిగి, నడుము వెనక తడుముకుంటాడు. పక్కవాడికి వినబడనంత మెల్లగా, "ఉండాదొదినా" అంటాడు.