పొగ తగలని కుండలు

వెనకటికి మేఘగిరి నగరంలో గాలి పాడైపోతోందని రాజుగారు దిగులుపడితే, మంత్రి గుణభద్రుడు దండోరా వేయించాడు. వంటపొయ్యి తప్ప ఊళ్లో ఎక్కడా పొగ లేవకూడదన్నాడు. ఆ దెబ్బకు కుమ్మరి పోలమ్మ కుండలు కాల్చుకునే ఆవం చల్లారిపోయింది.

నెల తిరక్కుండానే, కోటగోడ మీద మొక్కలు పెంచాలి, వంద కుండలు తెమ్మని అదే మంత్రి ఆమెకు కబురంపాడు. చెప్పిన రోజుకు కుండలు వచ్చాయి. రాజుగారు మొదటి మొక్కకు స్వయంగా నీళ్లు పోశారు. కుండ మెత్తబడి, కుంగి, బురదై ఆయన పాదాల మీదికి జారింది.

మంత్రికి ఏమీ బోధపడలేదు. "ఇదేం కుండ, పోలమ్మా?"

"పచ్చి కుండ దొరా. పొగ కూడదన్నారని కాల్చలేదు."

"మరిప్పుడెలా?" అన్నారు రాజుగారు.

"తమరు సెలవిస్తే మంత్రిగారి వేణ్ణీళ్ల పొయ్యిలో కాల్చుకుంటాను, మహాప్రభో. రెండు పూటలా దాని మీంచి నల్లగా ఏదో లేస్తుంటుంది. దండోరా వేయించినవారి ఇంట్లోది కదా, అది పొగై ఉండదు."

పొగేనంటే మంత్రి పొయ్యి ఆరుతుంది. కాదంటే పోలమ్మ ఆవం వెలుగుతుంది.

తేల్చింది రాజుగారే. ఆవం నెలకొక్కరోజు వెలిగించుకోవచ్చు. మంత్రిగారి వేణ్ణీళ్లు కూడా ఆ రోజే, ఆ సెగ మీదే.

ఆవం వెలిగిన రోజు బిందె మోసుకొచ్చిన మంత్రికి పోలమ్మ పీట వేసింది.

"కాస్త పొగొస్తుంది దొరా, కళ్లు జాగ్రత్త."