రోజూ అడిగే ఉపదేశం

మూడోసారి కూడా దరఖాస్తు తిరిగొచ్చింది.

మా చిన్నాడపడుచు వకుళ డాక్టరు. పెద్దవాళ్ళకు వచ్చే మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేస్తోంది. చీరాల మగ్గాల వీధుల్లో నూట ఎనభై మంది ముసలివాళ్ళను ఎంచుకుంది. ఆరునెలలకోసారి ఇంటింటికీ వెళ్ళి, ఎవరికి ఏది గుర్తుంది, ఏది జారిపోయింది అని రాసుకునేది. జబ్బు ఎప్పుడు, ఎలా మొదలవుతుందో తెలిస్తే ముందే పట్టుకోవచ్చని ఆశ. అయిదేళ్ళ పని అది. రెండేళ్ళకే నిధులు అయిపోయాయి.

నిధులిచ్చే కమిటీ మూడుసార్లూ ఒకటే రాసింది: ఈ వయసువారి మీద పెట్టే ఖర్చుకు తగ్గ ఫలితం కనబడటం లేదు.

"నాలుగోసారి అడుక్కోలేను వదినా," అంది వకుళ. "బంగారు పతకం తెచ్చుకున్నదాన్ని. వాళ్ళ గుమ్మం ముందు ఇంకెన్నిసార్లు నిలబడను?"

ఆపేస్తే ఆ ఇళ్ళకు ఇక ఎవరూ వెళ్ళరు. మస్తానమ్మ అని ఒకావిడ, డాక్టరమ్మ వస్తుందంటే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేదట. డాక్టరమ్మ పేరు మాత్రం ఒక్కసారీ గుర్తుండేది కాదట.

ఏ పని మొదలుపెట్టాలన్నా, మానాలన్నా అచలాశ్రమానికి వెళ్ళి అక్కడి అమ్మగారితో చెప్పుకోవడం మా ఇంట్లో అత్తగారి నాటి నుంచీ ఉన్న అలవాటు. వకుళకు మంత్రోపదేశం ఇచ్చింది కూడా ఆ అమ్మగారే. పని మానేస్తున్నానని చెప్పి దీవెన తీసుకోవాలని ఒక శుక్రవారం పొద్దున్నే బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను.

అమ్మగారి పేరు అంకమ్మ గారు. డెబ్బై దాటాయి. చుట్టుపక్కల ఊళ్ళలో వందలమంది శిష్యులున్నారు. మేం వెళ్ళేసరికి తడి జుట్టు ముడేసుకుని, పళ్ళెంలో అరటిపళ్ళూ తమలపాకులూ సర్దుకుంటున్నారు.

వకుళ అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

అమ్మగారు విన్నారు. "ఆ పళ్ళెం పట్టుకురా అమ్మా," అన్నారు. అంతే.

వెనక వసారాలో పడక కుర్చీలో పెదగురువుగారు నాగలింగయ్య గారు మెడ వాల్చి కూర్చున్నారు. తొంభైకి దగ్గర పడ్డారు. అమ్మగారి చెవిలో మంత్రం చెప్పి శిష్యురాలిని చేసుకున్నది ఆయనే. ఆరేళ్ళుగా ఆయనకు ఎవరూ గుర్తులేరు.

అమ్మగారు పళ్ళెం ఆయన ముందు పెట్టించి, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆయన తలెత్తారు. "ఎవరమ్మాయివి?"

"పేరాల మగ్గాలవారి అమ్మాయినండీ. అంకమ్మ అంటారు. తమరు ఉపదేశం ఇస్తారేమోనని వచ్చాను."

"మీ నాన్న ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నారండీ."

ఆయన పైకీ కిందికీ చూశారు. "జుట్టు నెరిసిపోయిందే! ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?"

"ఆలస్యమైందండీ. మన్నించాలి."

నాకు నవ్వొస్తే దిగమింగుకున్నాను. వకుళ మాత్రం నవ్వలేదు.

పెదగురువుగారు నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. ఒక పండు తీసి చూసి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు.

"నీకింకా పక్వం రాలేదు. ఇవాళ ఇవ్వను, పో."

"చిత్తం," అన్నారు అమ్మగారు. వంగి ఆయన పాదాలు తాకి, పళ్ళెం అక్కడే వదిలి ఇవతలికి వచ్చేశారు.

వకుళకు కోపం వచ్చింది. "మిమ్మల్నా పొమ్మనడం! ఇదేంటమ్మా?"

"నిన్న ఇచ్చారు. మొన్న ఇవ్వలేదు. అంతకుముందు నాలుగు రోజులు వరసగా ఇచ్చారు."

"మీకు ఉపదేశమై యాభై ఏళ్ళు కాలేదూ? పోనీ ఆయన ఇచ్చినా, డాక్టరుగా చెబుతున్నాను, గంటలో ఆ సంగతే గుర్తుండదు. మరి రోజూ అడగడం దేనికి?"

"అడిగేవాళ్ళు లేకపోతే ఆయన గురువెలా అవుతారమ్మా?" అన్నారు అమ్మగారు. "నన్ను పొమ్మనేటప్పుడు ఎంత బాగా కూర్చున్నారో చూశావా?"

వసారాలోంచి పెదగురువుగారి గొంతు వినిపించింది. "ఆ పిల్ల పళ్ళు మరిచిపోయి వెళ్ళిందర్రా! పిలవండి!"

అమ్మగారు మురిపెంగా నవ్వుకున్నారు.

వకుళ ఆ వసారా వైపు చూసింది. గొంతు తగ్గించి అడిగింది. "మా అందరి ముందూ అలా పొమ్మంటుంటే... మీకు చిన్నతనంగా ఉండదా అమ్మా?"

"ఎందుకుండదూ? నాకోసం అడుగుతున్నాననుకున్నన్నాళ్ళూ ఉండేది."

వకుళ దీవెన మాట ఎత్తలేదు. వంగి దణ్ణం పెట్టుకుని, "వస్తానమ్మా, దరఖాస్తు రాసుకునే పనుంది," అని మెట్లు దిగింది.