బంగారయ్య నడిచిన పలక

పడవ డెక్కుకి మూడు పలకల్లో ఏది వెయ్యాలో తమ్మిరాజుకి తేలలేదు. వారం రోజులు కూర్చుని మూడూ తనే తయారుచేశాడు. ఒకదాని మీద రబ్బరు షీటు అతికించాడు. రెండోదాని మీద కాన్వాసు గుడ్డ బిగించి రంగు వేశాడు. మూడోదానికి రంగు పూసి, అది తడిగా ఉండగానే జల్లెడ పట్టిన సన్నటి ఇసుక చల్లి ఎండబెట్టాడు. మూడింటినీ నెత్తిన పెట్టుకొచ్చి కామాక్షయ్య మేస్త్రి ముందు దించాడు.

"ఏది వేస్తే కాలు జారదో మీరే చెప్పండి గురువుగారూ," అన్నాడు.

కామాక్షయ్య మేస్త్రి యాభై ఏళ్ళుగా పడవలు కడుతున్నవాడు. ఏటి ఒడ్డున పాక. పనివాళ్ళం నలుగురైదుగురం. ఆయనకి మాట పొదుపు. కొందరికి అది పొగరులా కనిపించేది. నాకూ మొదట్లో అలాగే కనిపించింది, అబద్ధం ఎందుకు. నేను ఆ పాకలో రంపం కోతకి ఉండేవాణ్ణి. తమ్మిరాజు మాత్రం పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆయన తరవాత పాక వాడిదేనని అందరం అనుకునేవాళ్ళం. వాడూ అనుకునేవాడు.

డెక్కు వెయ్యాల్సింది 'మహాలక్ష్మి'కి. ముప్ఫై ఏళ్ళ నాటి తెరచాప పడవ అది. ఉప్పు, కొబ్బరికాయలు వేసుకుని తీరం వెంట తిరిగేది. కిందటి భాద్రపదంలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దాన్ని గాలివాన పట్టుకుంది. చాప దించడానికి బంగారయ్య అనే కళాసీ పడవ ముందువైపు డెక్కు మీదికి పరిగెత్తాడు. అంతే, మనిషి మళ్ళీ కనపడలేదు. మూడో రోజు మడచెట్ల వేళ్ళ మధ్య శవమై దొరికాడు.

తాగి కాలు జారాడని రేవులో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో ఎవరూ అడగలేదు. బంగారయ్య భార్య కాసులమ్మ, మా ఆయన చుక్క ముట్టేవాడు కాదని మొదట్లో అందరితోనూ కొట్లాడింది. తరవాత మానేసింది. చేపల తట్ట ఎత్తుకుని ఆవిడ రేవులోకి వస్తే, తాగుబోతు పెళ్ళాం అని ఆడవాళ్ళు కూడా గొణుక్కునేవారు. వింటే నాకు ఒళ్ళు మండేది. అయినా నేనూ నోరెత్తలేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఆ తరవాత మిగిలిన ఆరుగురు కళాసీలూ పడవ ఎక్కం పొమ్మన్నారు. కాలు నిలిచే డెక్కు వేస్తేనే ఎక్కుతామని, పడవ నడిపే మస్తాన్ సరంగు తెగేసి చెప్పాడు. అందుకే పడవ మా ఒడ్డుకి వచ్చింది.

మేస్త్రి రబ్బరు పలక చేతిలోకి తీసుకుని అంచు గోటితో గీకాడు.

"కొత్త పడవకైతే బావుంటుంది. ఇది ముసలిది, ఒళ్ళంతా కదులుద్ది. అతుకు ఊడుద్ది. ఊడిన చోట నీళ్ళు దూరతాయి. పైకి నిక్షేపంగా ఉంటుంది, కింద చెక్క కుళ్ళిపోద్ది."

"మరి కాన్వాసండీ?"

"రెండేళ్ళు. తరవాత దానికీ అదే గతి."

మూడో పలకని కింద పెట్టి దాని మీద మడమ రాశాడు. ఊఁ అన్నాడు. "ఇది అరిగితే మళ్ళీ పూసుకోవచ్చు. చెక్క ఏ మూల మెత్తబడిందో కంటికి కనపడుద్ది."

తమ్మిరాజు ముఖం విచ్చుకుంది. తన పనితనం తేలిందన్న సంతోషం. "అయితే ఇదే ఖాయం చేసేస్తానండీ. పాపం, ఇలాంటిది అప్పుడే ఉండుంటే బంగారయ్య బతికుండేవాడు. ఎంత తాగినా కాలు నిలిచేది," అన్నాడు.

మేస్త్రి వాడి వంక చూశాడు. తరవాత మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, పాక వెనక్కి వెళ్ళి ఇంకో పలక మోసుకొచ్చాడు.

అది మహాలక్ష్మి ముందు డెక్కు నుంచి ఊడదీసిన పలక. ఆయన ఎప్పుడు వెళ్ళి ఊడదీశాడో మాకు తెలీదు. ఏడాది ఉప్పుగాలి తిన్నా దాని మెరుపు పోలేదు.

ఆ మెరుపు సంగతి మా అందరికీ తెలుసు. బంగారయ్య పోవడానికి రెండు నెలల ముందు మేస్త్రి జ్వరం తగిలి కూతురి ఊరు వెళ్ళాడు. అప్పుడు మహాలక్ష్మి మరమ్మతుకి వచ్చింది. పని తమ్మిరాజు చేతిలో పడింది. నూనెలో కాచిన గుగ్గిలం పలకల సందుల్లో పోస్తారు, పడవ పక్కలకి పూస్తారు. కాలు పెట్టే చోట పుయ్యరు. ఇది పనిలో చేరిన మొదటి నెలలోనే చెప్పే సంగతి. తమ్మిరాజు మాత్రం డెక్కంతా మూడు పూతలు పూసి, గుడ్డ పెట్టి రుద్ది రుద్ది తళతళలాడించాడు. పడవ షావుకారు వంగి చూసి, ముఖం కనపడుతోందయ్యా అని మురిసిపోయాడు.

మేస్త్రి ఆ పలకని రెండు దుంగల మీద ఏటవాలుగా పెట్టాడు. గాలికి పడవ ఒక పక్కకి ఒరిగితే డెక్కు ఎంత వాలుతుందో అంతే వాలు. ఏటి నీళ్ళు బకెట్టుతో తెచ్చి దాని మీద కుమ్మరించాడు.

"మోకు భుజాన వేసుకో," అన్నాడు.

తమ్మిరాజు నవ్వబోయి ఆగిపోయాడు. "గురువుగారూ, ఇది..."

"గాలొచ్చేసింది. చాప దించాలి. నడు."

వాడు తాడు చుట్ట భుజానికెత్తుకున్నాడు. పలక మీద మొదటి అడుగు నిలిచింది. రెండో అడుగుకి రెండు కాళ్ళూ ఒక్కసారే పోయాయి. గడ్డం వెళ్ళి దుంగకి తగిలింది. పెదవి చిట్లి, తడిసిన చొక్కా మీద నెత్తురు కారింది. నేను లేపబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

తమ్మిరాజు లేచి కూర్చుని, అరచేత్తో మూతి తుడుచుకున్నాడు. "కాలు జారిందండీ," అన్నాడు.

"ఎంత తాగావు?" అన్నాడు మేస్త్రి.

పొద్దున్న వాళ్ళిద్దరూ నా ఎదురుగానే కూర్చుని గంజి తాగారు. వాడు తాగింది అదొక్కటే.

తమ్మిరాజు ఆ తడిలోనే కూర్చుండిపోయాడు. అడక్కుండానే చెప్పుకొచ్చాడు.

"ఆ మాట నేనే అన్నానండీ. శవం దొరికిన రోజు షావుకారు వచ్చి, డెక్కు నువ్వేగా చేసింది అన్నారు. తప్పు నా మీదికొస్తుందని భయపడ్డాను. తాగి ఉంటాడండీ అనేశాను. ఒక్కసారే అన్నాను. ఇంకెవరితోనూ అనలేదు."

మేస్త్రి తిట్టలేదు. తిడతాడనే నేను ఎదురుచూశాను. వాడి భుజం మీది తాడు తీసేసి, ఆ పలక ఎత్తి అక్కడ పెట్టాడు.

"ఆవిడకి చూపించి రా," అన్నాడు.

కాసులమ్మ ఇంటి దగ్గర జరిగింది తమ్మిరాజే తరవాత నాకు చెప్పాడు. ఆవిడ వాకిట్లో వల పరిచి ఎండుచేపలు తిరగేస్తోందట. వీడు పలక దించి నిలబడ్డాడు.

"వదినా, అన్న తాగలేదు."

"నాకు తెలీదా?" అంది ఆవిడ, తలెత్తకుండానే.

"దీని మీద జారాడు. దీన్ని ఇలా చేసింది నేను. తాగాడన్న మాట పుట్టించిందీ నేనే."

అప్పుడు లేచి వచ్చింది. పలక మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి జర్రున ఆ చివరికి పోయింది. మళ్ళీ మొదట్లో పెట్టింది. మళ్ళీ పోయింది.

"ఇంత నున్నగా దేనికి చేశావు?"

"చూడ్డానికి బావుంటుందని."

ఆవిడ పలక మీంచి చెయ్యి తీసేసింది. "తిట్టు వదినా, కొట్టినా పడతాను," అన్నాడు.

"తిడితే నీకు తేలికవుద్ది," అంది కాసులమ్మ. మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "నాకు తెలిసిందే నాకు చెప్పి ఏం లాభం? ఆ మాట తిరిగేది రేవులో. అక్కడికెళ్ళి చెప్పు."

మర్నాడు పడవలకి సరుకు ఎక్కించే వేళకి తమ్మిరాజు పలకతో రేవుకి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదేమో, ముఖం పీక్కుపోయింది. మేస్త్రీ వచ్చాడు. ఆయన వెనక నేనూ వెళ్ళాను. బస్తాలు మోసేవాళ్ళు, కళాసీలు, చేపలమ్మే ఆడవాళ్ళు, వందమంది దాకా ఉన్నారు. తమ్మిరాజు పలకని నిలబెట్టి పట్టుకుని గొంతెత్తాడు. బంగారయ్య చుక్క తాగలేదు, డెక్కు నేను పాడుచేశాను, నా తప్పు ఆయన మీదికి తోశాను. ఈ మూడు ముక్కలే.

బస్తాలు దిగాయి. కాసులమ్మ తట్టతో ఒక పక్కన నిలబడి విన్నది. తాగుబోతు పెళ్ళాం అని గొణిగిన ఆడవాళ్ళు ఆవిడ వంక చూడలేక నేల చూపులు చూశారు. ఆవిడ వాళ్ళ వంకా చూడలేదు, తమ్మిరాజు వంకా చూడలేదు. తట్ట సర్దుకుని, ఎప్పటిలాగే చేపలో చేపలని కేక వేసుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

మస్తాన్ సరంగు ముందుకి వచ్చాడు. మడచెట్ల వేళ్ళలోంచి బంగారయ్యని తన చేతులతో బయటికి లాగినవాడు అతను. పలకని చూశాడు. తమ్మిరాజు ముఖంలోకి చూశాడు. ఒక్క దెబ్బ వేస్తాడనే అనుకున్నాను. వెయ్యలేదు, మేస్త్రి వైపు తిరిగాడు.

"మేం ఆరుగురం ఉన్నామండీ మేస్త్రి గారూ. మాకూ ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి. కొత్త డెక్కు ఎవరు వేస్తారు?"

"వాడే వేస్తాడు," అన్నాడు మేస్త్రి.

సరంగు దవడ బిగుసుకుంది. వెనక కళాసీల్లో ఒకడు ఛీ అన్నాడు. మేస్త్రి మాట నాకూ నచ్చలేదు. ఈ ముసలాయనకి శిష్యుడి మీద ప్రేమ ఇంకా చావలేదని మనసులో విసుక్కున్నాను.

"వేశాక, బంగారయ్య చోట్లో వాడే ఎక్కుతాడు," అన్నాడు మేస్త్రి. "ఈ వానాకాలం అయ్యేదాకా. ముందు డెక్కు మీద చాప దించే పని వాడిది."

తమ్మిరాజుది మెట్ట ఊరు. వాడికి ఈత రాదు. పన్నెండేళ్ళు ఏటి ఒడ్డున పడవలు కట్టినా రాలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగాలన్నా పక్కవాడి భుజం పట్టుకునేవాడు. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు, మేస్త్రికి ఇంకా బాగా తెలుసు.

సరంగు తమ్మిరాజు నోటి వంకే చూస్తున్నాడు. కళాసీలూ చూస్తున్నారు. మేస్త్రి మాత్రం ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు.

తమ్మిరాజు చిట్లిన పెదవి తడుపుకున్నాడు.

"డెక్కుకి ఆ సన్న ఇసుక పనికిరాదండీ," అన్నాడు. "ముతకది తెస్తాను."