చిటికెడు గుల్లపొడి

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున, దూదమ్మ అనే కుందేలు ఉండేది. ఆ ఏడు వాన ఎంతకీ తెరిపి ఇవ్వలేదు. ఏరు పొంగింది. ఒడ్డున ఉన్న గడ్డినేలనంతా కోసుకుపోయింది. దూదమ్మ మగడు కూడా ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయాడు. కడుపుతో ఉన్న దూదమ్మ ఎలాగో ఒక పెద్ద బండ మీదికెక్కి ప్రాణం దక్కించుకుంది. ఇంకొన్ని జంతువులు కూడా అక్కడికే చేరాయి.

బండ మీద మట్టి ఎక్కడుంటుంది పిల్లలూ? మట్టి లేకపోతే గడ్డి ఎలా మొలుస్తుంది? అందుకని జంతువులన్నీ కలిసి, బండ వెనక పాడుపడిన కుమ్మరి కొట్టంలోంచి అంచులు విరిగిన కుండలు దొర్లించుకొచ్చాయి. నీళ్ళు నిలిచిన పల్లంలో ఆకులు కుళ్ళి నల్లటి మట్టి అయింది. ఆ మట్టిని తెచ్చి కుండల్లో నింపాయి.

వరదకు కొట్టుకొచ్చిన ఒక గోనెసంచిలో దూదమ్మకు మెంతులు దొరికాయి. "మెంతికూర తింటే తల్లికి పాలు పడతాయని మా అమ్మ చెప్పేది" అనుకుని, వాటిలో సగం తన కుండలో చల్లింది. సగం దాచుకుంది.

కొన్నాళ్ళకు దూదమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు. పెద్దోడు, నడిపిది, బుజ్జి. తినడానికి ఎండు బెరడు తప్ప ఏమీ లేదు. బెరడు తింటే పాలెలా వస్తాయి? బుజ్జి రోజురోజుకీ చిక్కిపోయింది.

మెంతులు మొలిచాయి. కానీ బెత్తెడు ఎత్తు కూడా పెరగకుండానే ఆకులు పసుపుపచ్చగా మారాయి.

"ఆకలేస్తోందేమో" అని దూదమ్మ ఇంకొంచెం ఆకుమట్టి తెచ్చి వేసింది. ఆకులు ఇంకా పాలిపోయాయి.

"దాహమేమో" అని నీళ్ళు పోసింది. కాడలు వంగిపోయాయి.

"ఎండ చాలదేమో" అని కుండను ఎండలోకి జరిపింది. ఆకుల అంచులు మాడిపోయాయి.

అప్పుడు బండ సందులో ఉండే నత్త అవ్వను పిలిచింది. అవ్వ మెల్లగా కుండ ఎక్కింది. మట్టి మీద కాస్త దూరం పాకి, చటుక్కున గుల్లలోకి ముడుచుకుంది.

"ఏమైంది అవ్వా?"

"ఈ మట్టి పులిసిపోయింది తల్లీ! నా ఒళ్ళు చురుక్కుమంది. మట్టిలో ఇంత పులుపుంటే వేరు తిండి అందుకోలేదు. ఎంత మట్టి వేసినా, ఎన్ని నీళ్ళు పోసినా ఇంతే."

"మరి మందు లేదా?"

అవ్వ బండ కిందికి చూపించింది. అక్కడ ఖాళీ గుల్లలు కుప్పగా పడి ఉన్నాయి. "వరదలో పోయిన మా వాళ్ళవి. నా బిడ్డలవి కూడా వాటిలోనే ఉన్నాయి. గుల్ల అంటే సున్నమే కదా. మెత్తగా నూరి, చిటికెడు పొడి మట్టిలో కలుపు. నీళ్ళు చిలకరించు. పులుపు మెల్లగా విరుగుతుంది. కానీ తొందరపడకు. ఒక్కరోజులో అయ్యే పని కాదు."

దూదమ్మ కళ్ళు తుడుచుకుంటూ గుల్లలు నూరింది. అవ్వ చెప్పినట్టే చిటికెడు కలిపింది.

మర్నాడు చూసింది. ఆకులు పసుపుగానే ఉన్నాయి. ఆ మర్నాడు చూసింది. పసుపుగానే ఉన్నాయి. ఇంట్లో బుజ్జి ఏడవడం కూడా మానేసింది. నోరు తెరుస్తుంది, గొంతు రాదు.

పక్క కుండ యజమాని ముళ్ళయ్య అనే ఏదుపంది అటుగా వచ్చాడు. అతడిది చెడ్డ మనసు కాదు. దూదమ్మ బాధ చూడలేకపోయాడు.

"చెల్లీ, సున్నమే మందైతే ఈ చిటికెడు పొడి ఏం సరిపోతుంది? కుమ్మరి కొట్టంలో మూత బిగించిన జాడీ ఉంది. గోడలకు వెల్ల వేసే కాల్చిన సున్నం. మంచి ఘాటుగా ఉంది. దోసెడు వేస్తే రేపటికల్లా పచ్చబడవూ?"

"అవ్వ తొందరపడొద్దంది అన్నా."

"అవ్వకేం, ఆమె నడకే అంత. నీ బుజ్జి ఆగగలదా?"

ఆ మాట దూదమ్మ గుండెలో గుచ్చుకుంది. అవ్వ ఆమడ దూరంలో ఏమీ లేదు, పక్క సందులోనే ఉంది. ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. పరుగెత్తుకెళ్ళి సున్నం తెచ్చి, దోసెడు కుండలో కుమ్మరించి నీళ్ళు పోసింది. మట్టి బుసబుసమని పొంగింది. కుండ వేడెక్కింది. తెల్లటి ఆవిరి లేచింది.

పొద్దు వాలేసరికి మొక్కలన్నీ వాలిపోయాయి.

దూదమ్మ ఒక మొక్కను లాగి చూసింది. వేళ్ళు ఉడికిపోయి ఉన్నాయి. పైన, పసుపు ఆకుల నడుమ, ఒక చిన్న చిగురు ఉంది. అది వాడింది గానీ ఇంకా పచ్చగానే ఉంది. దూదమ్మ ఇంకో మొక్క లాగింది. దానికీ చిగురుంది. మూడోదానికీ ఉంది. గుల్లపొడి అప్పటికే పని మొదలుపెట్టింది.

బుజ్జి ఆ వారం దాటలేదు.

ముళ్ళయ్య వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. నత్త అవ్వ కూడా వచ్చింది. "నీతో చెప్పకుండా చేశాను అవ్వా" అని దూదమ్మ ఏడ్చింది. అవ్వ తెల్లవారే దాకా ఆమె పక్కనే ఉంది.

తర్వాత దూదమ్మ కుండ కడిగి, కొత్త మట్టి నింపి, చిటికెడు గుల్లపొడి కలిపింది. కొన్నాళ్ళు ఊరికే ఉంచి, దాచుకున్న మెంతులు చల్లింది. ఈసారి ఆకులు పచ్చగా వచ్చాయి. పెద్దోడు, నడిపిది బతికారు. వాళ్ళు కూర తింటుంటే దూదమ్మ మాత్రం బుజ్జి లేని ఖాళీ చోటు వైపు చూడలేకపోయేది.

ఒకనాడు కొత్తగా తల్లైన ఒక ఉడుత పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, నా కుండలో ఆకులు పసుపెక్కాయి. నువ్వు చెప్పిన పొడి వేశాను. ఇంకా మారలేదు. ఇంకో గుప్పెడు వెయ్యనా?"

దూదమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. నా పక్కన కూర్చో. ఇద్దరం కలిసి ఎదురుచూద్దాం."

నీతి: మేలు చేసే మందైనా మోతాదు మించితే విషమవుతుంది, అది పనిచేసే దాకా ఓపిక పట్టడం కూడా వైద్యంలో భాగమే.