పూరేడు పిట్ట నోరు విప్పిన రోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఏనుగు రాజు. పిల్లలూ, ఆ రాజుగారి సైన్యంలో చుక్కమ్మ అనే పూరేడు పిట్ట వేగు చూసేది. మట్టి రంగు పిట్ట కదా, గడ్డిలో కూర్చుంటే ఎవరికీ కనిపించేది కాదు. వాగు అవతల ఎలుగుబంట్లు ఏం చేస్తున్నాయో చూసి వచ్చి, సేనాపతి తోడేలు గండప్ప చెవిలో చెప్పడం ఆమె పని.

ఒకసారి కుందేలు మల్లమ్మ పిల్లలు ముగ్గురూ కనబడకుండా పోయారు. "ఎలుగుబంట్లే ఎత్తుకుపోయాయి! యుద్ధం చేయాల్సిందే!" అన్నాడు గండప్ప.

మర్నాడు చుక్కమ్మ వేగుకు వెళుతూ వాగు ఇవతలే ఒక కొండ వెనక ఉన్న గుహలోకి తొంగి చూసింది. లోపల ఆ ముగ్గురు పిల్లలే! బయట కాపలా ఉన్నది గండప్ప సైనికులే!

పరుగున వెళ్లి గండప్పకే చెప్పింది. అతను తాపీగా నవ్వాడు. "నాకు తెలుసులే. యుద్ధం గెలిస్తే వాగు అవతలి కొండా, దాని మీది తేనెపట్లూ మనవే. కొలువులో చేరినప్పుడు రహస్యం దాస్తానని ప్రమాణం చేశావు. నోరు విప్పావో, రాజద్రోహివి!"

చుక్కమ్మ ఆ పూటే కొలువు మానేసింది. కానీ మనసు ఊరుకుంటుందా? మొదటి రోజు 'నాకెందుకులే' అనుకుంది. రెండో రోజు 'రెక్కలు విరిచేస్తారేమో' అని వణికింది. మూడో రోజు మల్లమ్మే వచ్చింది.

"వదినా, అవతలి గట్టంతా తిరిగినదానివి. మా పిల్లల ఎముకలైనా కనబడ్డాయా?" అని అడిగింది.

చుక్కమ్మ ఇక ఆగలేకపోయింది. జింకలూ, అడవిపందులూ అప్పటికే యుద్ధానికి బారులు తీరాయి. వాటన్నిటి ఎదుటా రాజు ముందు నిలబడి, చూసిందంతా చెప్పేసింది.

"ప్రమాణం తప్పింది! పట్టుకోండి దాన్ని!" అని అరిచాడు గండప్ప.

"ప్రమాణం చేసిన మాట నిజమేనా చుక్కమ్మా?" అన్నాడు రాజు.

"చేశాను ప్రభూ. అడవిని కాపాడటానికే రహస్యాలు దాస్తానని చేశాను. పిల్లల్ని దాచినవాణ్ణి కాపాడతానని చేయలేదు. నేను చెప్పింది అబద్ధమైతే నా రెక్కలు తీయించండి. ముందు ఆ గుహ చూడండి."

రాజే స్వయంగా వెళ్లాడు. ముగ్గురు పిల్లలూ ఒంటినిండా దుమ్ముతో, చిక్కిపోయి, ప్రాణాలతో బయటికొచ్చారు. మల్లమ్మ వాళ్లను నాకుతూ ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. గండప్పను అడవి నుంచి వెళ్లగొట్టారు. యుద్ధం ఆగిపోయింది. జింకలు ఇళ్లకు మళ్లాయి.

పాత సైనికులు కొందరు చుక్కమ్మతో మాట మానేశారు. ఆమెకు అది బాధే. అయినా ఆ సాయంత్రం పొద నీడన కూలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "అమ్మయ్య!" అనుకుంది.

నీతి: అమాయకుల ప్రాణాల మీదికి తెచ్చే రహస్యాన్ని దాచకూడదు, భయం వేసినా నిజం చెప్పాలి.